నీలం గాజు, ఒకటి

కారు మలుపు తిరిగిన ప్రతిసారీ
అమ్మ కోటు జేబు తడుముకుంటోంది.
కింద కజన్లక్ లోయలో
ఎప్పుడో కోత ముగిసిన గులాబీ తోటలు.
పైన పొగమంచు. దాని వెనక
బుజ్లుజా కొండ నెత్తిమీద
మూకుడు మీద మూకుడు బోర్లించినట్టు
పార్టీ కట్టించిన సభాభవనం.

"కట్టించింది పార్టీ కాదు, మా జీతాలు."
నెల నెలా అందరి దగ్గరా కొంత
స్వచ్ఛందంగా కోసేవారట.
స్వచ్ఛందంగా అన్న మాట దగ్గర
అమ్మ ఇప్పటికీ గొంతు తగ్గిస్తుంది.
కారులో ఉన్నది మేమిద్దరమే.

మిగతాది ఊరు చెప్పిన కథ.
ప్రభుత్వం పడిపోయింది, కాపలా దిగిపోయింది.
గోపురం మీది ఎర్ర నక్షత్రంలో
కెంపులున్నాయని ఎవడో అంటే
ఇంకెవడో తుపాకీ పేల్చాడు.
రాలింది గాజే.
కప్పు మీది రాగిరేకులు
రాత్రికో బండి చొప్పున కొండ దిగాయి.
మా పక్కింటి మించో
వాటితో రాకియా బట్టీకి బాన చేయించుకున్నాడు.
"ఇన్నేళ్ళకి పార్టీ మనకో చుక్క పోసింది!" అని
గ్లాసు ఎత్తేవాడు.
అమ్మ తాగేది కాదు. వద్దనేదీ కాదు,
చేతిలో పట్టుకుని కూచునేది.

తలుపులకి ఇనుప కమ్మీలు.
ప్లాస్టిక్ కుర్చీలో రెండు మఫ్లర్ల స్త్రాహిల్,
కాళ్ళ దగ్గర మొరగడం మానేసిన కుక్క.
"లోపలికి లేదు. కప్పు ఊడి పడుతోంది."
"నేనిక్కడ పనిచేశాను" అంది అమ్మ.
"అందరూ అదే అంటారు."
"నాకు ఇరవై రెండేళ్ళు.
ముఖాలు అతకడానికి రాజధాని నుంచి చిత్రకారులొచ్చారు.
నాకిచ్చింది ముఖాల వెనక నీలం."

అతను మాట్లాడకుండా కుర్చీ జరిపాడు.
సందులోంచి చూశాం.

లోపల, ఈ ఏటి తొలి మంచు
అరిగిన మెట్ల మీద కుదురుగా కూచుంది,
సభకి ముందే వచ్చేసిన జనంలా.
గుండ్రటి గోడ మీద పెద్దవాళ్ళ వరస.
ఒక ముఖం లేదు.
ఎవరు చెక్కేశారో, ఎప్పుడో,
ఒక్కొక్కరూ ఒక్కోలా చెబుతారు.
ఉలిగాట్లు, బోడి సిమెంటు.
దాని చుట్టూ నీలం మాత్రం
ఒక్క గాజూ ఊడలేదు.

"చూశావా" అంది.
గర్వమా అది? అడగలేకపోయాను.
ఓ జోకు చెప్పిన పాపానికి
అమ్మ పుట్టేసరికి తాత బెలెనె దీవిలో రాళ్ళు మోస్తున్నాడు.
ఆ కూతురే ఈ గోడకి ఆకాశం అతికింది,
వంకర లేకుండా.
ఈ రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి
చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను.
సందు పూడదు.

అప్పుడు జేబులోంచి తీసింది,
చిటికెనవేలి గోరంత నీలం.
"ఆఖరి రోజు దొంగిలించాను. తీసుకో."

స్త్రాహిల్ నవ్వలేదు.
రేకు డబ్బాలోంచి రిజిస్టరు తీశాడు,
రాలిన ముక్కలు ఏరుతున్నవాళ్ళు పెట్టి వెళ్ళింది.
"ఎక్కడ దొరికింది?"
"ఆప్రాన్ జేబులో."
రాశాడు: జేబు.
"ఎప్పుడు?"
"ఎనభైలో."
పెన్ను గడ్డకడితే నోటి ఆవిరి పట్టి
అదీ రాశాడు.

అయిపోయిందనుకుని నేను కారు దాకా నడిచాను.
తిరిగి చూస్తే అమ్మ అక్కడే,
చెయ్యి చాపి.
"రసీదు?"
"దీనికి రసీదు ఏంటమ్మా?"
"అప్పుడు కోసినదానికి ఎవరూ ఇవ్వలేదు."

కుక్క లేచి, ఒళ్ళు విరుచుకుని, మళ్ళీ పడుకుంది.
స్త్రాహిల్ బిస్కెట్ల అట్టపెట్టె మూత చింపి
మోకాలి మీద పెట్టుకుని రాశాడు:
నీలం గాజు, ఒకటి. ముట్టింది.
కింద సంతకం.

మూడో మలుపు దగ్గర పొగమంచు విడిపోయింది.
అమ్మ కళ్ళజోడు పెట్టుకుంది,
అట్టముక్క దూరంగా ఒకసారి, దగ్గరగా ఒకసారి చదివింది.
"తారీఖు వెయ్యలేదు" అంది.
"కారు వెనక్కి తిప్పు."