గాజంత చూపు

ఖోర్‌ఫక్కాన్‌లో మూడు రోజుల శిబిరం.
ఫారంలో ఒక గడి: చూపు ఎంత?
అమ్మ పెన్ను పట్టుకుని ఆగిపోయింది.
గాజంత, అన్నాను.
నిజం అదే. గాజులోంచి చూసినట్టు
మధ్యలో గుండ్రంగా కాస్త లోకం.
చుట్టూ నలుపు కూడా కాదు, లేదు, అంతే.
పొద్దు వాలితే ఆ గాజూ చిట్లుతుంది.

షార్జా దాటి కొండల్లోకి వెళ్లాక
బస్సు సొరంగంలో దూరినప్పుడల్లా చెవులు మూసుకుపోయేవి.
పక్క సీట్లో జెరికో, మనీలా వాళ్ల పిల్లాడు,
పుట్టుకతోనే చూపు లేదు.
అతను ఐదన్నాడు. నేను నాలుగన్నాను.
డ్రైవరు ఐదన్నాడు.

నేర్పేది మోజా.
తనకూ కనపడదు, నడకలో మాత్రం ఒకటే తొందర.
రాగానే నా చేతిలో నల్ల గంతలు పెట్టింది.
ఒళ్లు మండింది నాకు.
ఉన్నదే గాజంత, అదీ కప్పెయ్యాలా?
"నీ గాజు ఎవరూ ఎత్తుకుపోరులే.
అది లేనప్పుడు ఏం చేస్తావో చూద్దాం" అంది.
చూద్దాం అన్నందుకు తనే నవ్వుకుంది.

ఒక పూటంతా కట్టుకోలేదు.
వరండాలో గోడకానుకుని కూర్చున్నాను.
లోపల ఉల్లిపాయలు తరుగుతున్నారు.
చూపున్నా లేకున్నా ఉల్లికి అందరూ ఒకటే,
ముక్కులు ఎగబీలుస్తూ ఒకటే నవ్వులు.
ఆ నవ్వుల కోసం లేచాను.

గంతలు కట్టుకుంటే
కప్పుకో గొంతుందని తెలిసింది.
చాయ్ పోస్తుంటే అడుగున బొంగురు,
పైకొచ్చేకొద్దీ సన్నం.
పదో తరగతి దాకా వచ్చాను,
ఏ టీచరూ ఈ ముక్క చెప్పలేదు.
మొదటి కప్పు పొంగి బల్ల మీదికి, బల్ల మీంచి నా ఒళ్లోకి.
రెండోది భయంతో సగమే.
మూడోది మోజా అంచు తడిమి చూసి
మాట్లాడకుండా తాగేసింది.

మర్నాడు సముద్రం.
గచ్చు మీద టకటకలాడే కర్ర
ఇసకలో మూగదైపోయింది.
ఇక పాదాలే దిక్కు: పొడి ఇసక, తడి ఇసక,
ఆ తర్వాత చల్లగా ఒక గీత.
"సముద్రాన్ని ఎడమ చెవిలో పెట్టుకో, యల్లా, నడు!"
ఎక్కణ్నుంచో షంసా అరుపు.
పెట్టుకున్నాను. నడిచాను.
ఎవరో తవ్వి వదిలేసిన గుంటలో పడ్డాను.
నోటినిండా ఇసక.
ఎవరూ పరిగెత్తుకు రాలేదు.
మొదట చిన్నతనం అనిపించింది.
లేచి దులుపుకుంటుంటే అనిపించింది,
ఇలాంటి మర్యాద నాకింతవరకూ ఎవరూ చెయ్యలేదని.

రాత్రి మంచాల మీద షంసా అడిగింది,
అసలు నీకెంత కనిపిస్తుంది అని.
సిగ్గేసింది.
బళ్లో కనపడని పిల్లని,
ఇక్కడ కనపడే పిల్లని,
రెండు చోట్లా నా కుర్చీ కొంచెం పక్కకే ఉంటుంది.
షంసా ఆవలించింది.
"అయితే పొద్దున్నే నా సాక్సులు రెండూ ఒకే రంగో కాదో చెప్పు.
ఉన్నదానికి ఏదో ఒక పని చెప్పాలిగా."

అల్ నహ్దా, ఏడో అంతస్తు.
నాన్న వాటర్ ట్యాంకరు మీద రాత్రి డ్యూటీకి వెళ్లాడు.
వంటింట్లో ట్యూబ్‌లైటు పోయి నెలైంది,
గాజు చిట్లే వేళైంది.
అమ్మకి చాయ్ పోస్తున్నాను.
కప్పు గొంతు సన్నబడుతోంది.
నా మోచేతి దగ్గర గాజులు కదిలాయి,
అమ్మ చెయ్యి వస్తోంది.
"వినపడుతోందమ్మా" అన్నాను.
గాజులు ఆగాయి.
కాసేపు గాల్లోనే ఉన్నాయి, నాకు తెలుసు.
తర్వాత మెల్లగా వెనక్కి వెళ్లాయి.

అమ్మ ఒక గుటక వేసింది.
"పంచదార ఎవడేస్తాడే, మీ తాతా?"

డాక్టరు ఆ జబ్బు పేరు చెప్పిన రోజు నుంచి
అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు.
ఇదే మొదటి తిట్టు.
డబ్బా ఎక్కడుందో వెతుక్కుంటూ
రెండోసారి కూడా తిట్టించుకున్నాను.