గది నంబరు 114

టొలీడోలో మంచు పడితే
కాలేజీ వెనక గేటు దగ్గరే ముందు ఉప్పు చల్లుతారు.
మావాళ్లు వచ్చేది అటునుంచే,
షిఫ్టు దిగి, చంటిదాన్ని ఎవరికో అప్పజెప్పి,
రెండు బస్సులు మారి.

ఈ క్లాసు పాసైనా
డిగ్రీలో లెక్కకు రాదు.
లెక్కల క్లాసే లెక్కలోకి రాకపోవడం!
ఆ గదిలో నాకొక్కదానికే తెలుగులో నవ్వొస్తుంది,
వెంటనే ఆగిపోతుంది.

లొరెటా ఇక్కడ ముప్పై రెండేళ్లుగా చెబుతోంది.
"ఎందుకు రాదు?" అని ఎవర్నీ అడగదు.
"ఎక్కడిదాకా వచ్చు?" అంటుంది.

డెల్మార్‌కి నలభై నాలుగు. ఫోర్క్‌లిఫ్టు నడిపే చేతుల్లో
పెన్సిలు విరిగేలా ఉంది.
చాలాసేపటికి చెప్పాడు:
ఐదో తరగతిలో భిన్నాలు మొదలెట్టిన వారమే
అద్దె కట్టలేదని ఇల్లు ఖాళీ చేయించారు.
కొత్త బడికి వెళ్లేసరికి
అక్కడ భిన్నాలు అయిపోయాయి.

ఆవిడ కుర్చీ లాక్కుని పక్కన కూచుంది.
ఎదురుగా కాదు, పక్కన.
అది తెలియడానికి నాకు రెండు సెమిస్టర్లు పట్టింది.

"నీ జేబులో టేపు తియ్యి.
ముప్పావు అంగుళం ఏదీ?"
చూడకుండానే గోరు పెట్టాడు.
"దాంట్లో సగం?"
గోరు జరిగింది, ఆగింది.
"మరి రానిదేదో చెప్పు."

అతను నవ్వలేదు.
ఇరవై ఏళ్లుగా జేబులో
ఇంకెవరిదో వస్తువు మోస్తున్నట్టు
టేపు వంక చూస్తూ ఉండిపోయాడు.

ఆ రాత్రి ఆరు లెక్కల్లో నాలుగు తప్పే.
నాలుగో దాని పక్కన ఆవిడ రాసింది:
"ఈ గీత దాకా దారి సరైనదే."

తొమ్మిదింటికి లైట్లు ఆర్పి బయటికొస్తే
బస్టాపు చీకట్లో టేపు చప్పుడు:
సర్రున సాగుతూ,
టక్కున ముడుచుకుంటూ,
మళ్లీ సాగుతూ.