నాలుగొందల పన్నెండు

ఆ సినిమా మొదలు చూసిన్నాడు మెట్‌పల్లిల వాన.
కిరాయికి తెచ్చిన సీడీ మీద గోరంత గీత.
గీత వచ్చినకాడల్లా దయ్యం ఆగిపోయేది
నోరు తెరిచి, సగం ముఖంతోని.
అందరు ఆమె నడిస్తె భయపడ్డరు.
నాకు ఆగిపోతేనే భయం.

బహ్రెయిన్ వచ్చిన మూడేండ్లకు
రాజమల్లు చెప్పిండు, పప్పు కలుపుకుంట:
"అరే, గా హోటల్ ఈడిదే, మనామల!"

జీతం పడ్డ శుక్రవారం
ఉతికిన అంగీలు తొడిగి బయలెల్లినం.
దయ్యాన్ని చూడబోయినట్టు లేదు,
పిల్లను చూడబోయినట్టున్నది.
రాజమల్లు నెత్తికి నూనె గూడ పెట్టిండు.

గుదైబియా సందు మలిగితె
సిమ్ముల దుకాణం, చాయ్ బండి,
వాటి పక్కన అదే ముఖం.
అవే గుండ్రటి బాల్కనీలు.
ఆమె దుంకిన మూడో అంతస్తుల
ఎవరిదో గళ్ల లుంగీ ఆరేసి ఉన్నది.

కౌంటర్ల మలయాళీ మనిషి
ముందు మా చెప్పులు చూసిండు, తర్వాత మమ్ముల.
"బయటి ముఖమే మాది" అన్నడు హిందీల,
"లోపలి వరండా జుఫైర్ హోటల్‌ది."

తలకాయ ఒకకాడ, పేగులు ఒకకాడ!
బస్సుకు పెట్టే మూడొందల ఫిల్సులు మిగిలించి
ఎండల నడిచినం, ఆ పైసలతో లబన్ తాగినం.

జుఫైర్‌ల గాజు తలుపు మాకు తెరుసుకోదని
నాకు తెలుసు. నేను ఏసీ మెకానిక్‌ని.
రాజమల్లు తెలివి, టూల్ బ్యాగ్ తెచ్చిండు.
భుజాన బ్యాగ్ ఉంటె చాలు
ఈడ మనం ఎవ్వలకు కనబడం.

నాలుగో అంతస్తు.
ఎర్ర తివాచీ తీసేసిండ్రు, బూడిద రంగుది పరిచిండ్రు.
వరండా మాత్రం అంతే పొడుగు,
మనం నడుస్తుంటె అదీ నడుస్తున్నట్టు.
నాలుగొందల పదకొండు.
నాలుగొందల పదమూడు.
నడుమ తెల్ల గోడ.

రాజమల్లు గోడకు చెవి ఆనించిండు.
నేను చెయ్యి ఆనించిన.
లోపల సన్నగ వణుకుడు.
కంప్రెసర్ అలిసిందని చేతికి తెలిసింది,
ఇంకేం తెలవలే.

బకెట్‌తోని వచ్చిన నేపాలీ పిలగాడు పడి పడి నవ్విండు.
"ఆ గది ఈడ ఎన్నడున్నది భాయ్?
సిత్రాల ఓ గోదాంల చెక్కలతోని కట్టిండ్రంట,
మా పాత సూపర్‌వైజర్ చెప్పేటోడు."

ఏ గోదాం అని నేనే అడిగిన. అడగకపోయేది ఉండె.
నీలం గేటన్నడు.
ఎదురుంగ టైర్ల దుకాణమన్నడు.

తిరుగు బస్సుల రాజమల్లు కిటికీల నుంచి సముద్రాన్ని చూసిండు.
సముద్రం లేనికాడ గూడ చూసిండు.

క్యాంపుల అన్నం తినలే.
నా మంచానికి, వాని మంచానికి నడుమ
అడ్డం పెట్టిన ప్లైవుడ్ పలక,
మూడేండ్లు నేను తల ఆనిచ్చి పండుకున్నది,
మెల్లగ నాలుగు మొలలు పీకి తిప్పినం.
అవుతల దిక్కు పచ్చ తీగల కాయితం, చిరిగి.
పైన మూడు అంకెలు ఊడదీసిన జాగ,
చెమట తగలని చోట చర్మం తీరు, తెల్లగ.

మళ్ల అట్లనే తిప్పి మొలలు కొట్టినం.
ఎవ్వలకు చెప్పలే.

రాత్రి బిడ్డ ఫోన్ చేసింది.
శ్రీనిజకు తొమ్మిదేండ్లు, అన్నీ కావాలె.
"దయ్యం దొరికిందా బాపూ? చూపియ్యి."
నవ్వుకుంట ఫోన్ అటు తిప్పిన.
జీరో బల్బు, పదకొండు మంచాలు,
కాళ్లకాడికెల్లి నెత్తిదాక
ముసుగు తన్నిన పదకొండు దుప్పట్లు.

అటుదిక్కు సప్పుడు లేదు.
తెర మీద నా బిడ్డ ఆగిపోయింది
నోరు తెరిచి, సగం ముఖంతోని.
సిగ్నలే పోయిందో,
ఏం చూసిందో.

"శ్రీనిజా" అన్న. "శ్రీనిజా."

మూలకున్న దుప్పటి కదిలింది,
అండ్లకెల్లి గొంతొచ్చింది:
"ఫోన్ ఆర్పురా అయ్యా,
నాలుగింటికి బస్సు."