తొలేదోలో మూడో నంబరు గది

ఊరి పేరులోనే సందేహం ఉంది.
తొలేదో.
లిఫ్టు ఉందో లేదో,
కారు గుమ్మం దాకా పోతుందో లేదో.
పంతొమ్మిదేళ్ళుగా ఎగ్మూరులో ఈ మేడమెట్ల కింద కూర్చుని
ఆ 'లేదో'కి జవాబు చెప్పడమే నా జీతం.

రుక్మాంగదరావుగారు స్కేలు తెచ్చుకున్నారు.
క్యాషియరు చేతులు కదా,
గళ్ళు గీసి మూడు హోటళ్ళని వరసలో నిలబెట్టారు.
కోటగోడ బయట, బస్టాండు పక్కన ఒకటి:
లిఫ్టు, టిఫిను, రేటు తక్కువ, కిటికీలోంచి పెట్రోలు బంకు.
నది అవతల గుట్ట మీద ఇంకోటి:
ఊరంతా కనిపిస్తుంది, ఊళ్ళో మాత్రం ఉండం.
గోడ లోపలిది నాలుగొందల ఏళ్ళ ఇల్లు,
నలభై ఒక్క మెట్లు.
టాక్సీ చర్చి దగ్గరే ఆగిపోతుంది,
అక్కణ్ణుంచి రాళ్ళు పరిచిన సందులో పెట్టె మీరే లాక్కోవాలి.

"ఎంత సందు?" అన్నారాయన.
చూలైలో మా సందంత, అన్నాను.
ఎదురుగా ఆవొస్తే మనిషే వెనక్కి నడవాలి.
అక్కడ ఆవులు రావు గానీ.

నేనెప్పుడూ వెళ్ళలేదు.
నా పాస్‌పోర్టు ఒక్క ముద్రయినా పడకుండానే గడువు తీరింది.
అయినా మ్యాపులో బాణం గుర్తుతో నడిచీ నడిచీ
ఏ మలుపులో కత్తుల దుకాణమో నాకు తెలుసు,
ఏ గంట మోత ఏ గదిలోకి పడుతుందో తెలుసు,
సాయంత్రం టూరిస్టు బస్సులన్నీ మాడ్రిడ్‌కి మళ్ళాక
ఊరు పైట సర్దుకుని అరుగు మీద కూర్చుంటుందనీ తెలుసు.

మణిమంజరమ్మ ఆ గంటసేపూ మాట్లాడలేదు.
మోకాలి పట్టీ మీద కుచ్చిళ్ళు సర్దుకుంటూ
గోడమీద ఎప్పటిదో మలేసియా క్యాలెండరు చూస్తూ కూచుంది.
పెట్రోలు బంకు హోటలు ఖాయమైంది.
ఆయన రశీదు రెండుసార్లు చదివి మడుచుకున్నారు.

రాత్రి తొమ్మిదికి ఫోను.
కుక్కరు కూత చాటున, గొంతు తగ్గించి:
"అమ్మాయీ, ఆ మెట్లది రాసెయ్యి.
రోజుకోసారి ఎక్కుతా, ఓసారి దిగుతా,
మధ్యలో కూచుంటా, ఎవరు తరిమారు?
ముప్పై ఆరేళ్ళు, ఆయనకి బదిలీ అయిన ప్రతి ఊళ్ళోనూ
బస్టాండు పక్కనే అద్దెకున్నాం.
సౌకర్యంగానే ఉండింది.
కండక్టర్ల కేకలు తప్ప ఏ ఊరి గొంతూ నేను విన్లేదు."
కాసేపాగి,
"ఆయన హోటలు నిండిపోయిందని చెప్పు."

చెప్పాను.
ఈ కుర్చీలో అది నా మొదటి అబద్ధం కాదు,
కమీషను తగ్గిన మొదటి అబద్ధం.

కత్తిరి ఎండ నడినెత్తి మీదుండగా తిరిగొచ్చారు.
"నలభై ఒకటి కాదు, నలభై మూడు" అన్నారాయన
చిల్లర తేడా పట్టుకున్నంత సంబరంగా.
ఆవిడ సంచిలోంచి చేతిరుమాలు మూట తీసింది.
ఇత్తడి తాళంచెవి, పావుకిలో తూగుతుంది,
తలమీద 3 అని చెక్కి ఉంది.
"పొరపాటున వచ్చేసింది" అంది, ఆయన వినేట్టు.
ఆయన ఫోనులోకి తల దించగానే
నా వేళ్ళు దానిమీద మూసేసి,
"ఒక్క రాత్రి నీ దగ్గరుంచుకుని పంపమ్మా."

దిండు కిందేం పెట్టుకోలేదు, అంత పిచ్చి లేదు.
గ్యాసు పొయ్యి పక్కన, అగ్గిపెట్టె మీద పెట్టాను.
పదింటికి కరెంటు పోయింది.
గాలికోసం డాబా మీదికెక్కాను.
మా మెట్లు పద్దెనిమిది.
ఇన్నేళ్ళలో లెక్కపెట్టడం అదే మొదలు.

మర్నాడు ప్యారిస్‌లో పెద్ద పోస్టాఫీసు.
"ఉళ్ళె ఎన్న?" అన్నాడు కౌంటరులో అబ్బాయి.
తాళంచెవి, అన్నాను.
తొలేదో అని పెద్దక్షరాల్లో రాశాను.
విలువ అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.
వెనక లైన్లో ఎవరో దగ్గారు.