కదలని చోటు

మారెక్క చేన్లో మూడో బోరు.
ఏడు వందల ఇరవై అడుగులు, వచ్చింది దుమ్ము.
మేకపిల్లలు పడకుండా కేసింగు మూతికి
గోనెపట్ట కట్టింది.

కొలతకు కదలని చోటొకటి కావాలన్నా.
"ఇది కదల్దు సార్,
దీనిమీది అప్పూ కదల్దు" అన్నాడు ఎర్రిస్వామి.

అరచేతి మిషను పైపు మీద పెట్టి
సవరణ ఆపి పది నిమిషాలు కూర్చున్నా.
తెరమీద చుక్కలు వాము చల్లినట్టు:
గట్టు దాటి ఒకటి,
పక్కోళ్ల కంది సాల్లో రెండు.
బోరు కదల్లేదు, నేనూ కదల్లేదు.
మిషను మాత్రం మేం చేనంతా తిరిగొచ్చినట్టు రాసుకుంది.

తర్వాత గగన్ వేశా.
కంబదూరుకు దక్షిణాన, ఎక్కడో ముప్పైఆరు వేల కిలోమీటర్ల పైనుంచి
"నీ లెక్కలో తప్పుంది, ఇంత తీసెయ్" అని
ఓపిగ్గా చెప్తా ఉంటారు ఎవరో.
చుక్కలు దగ్గరికి జరిగినాయి,
చినుకు పడితే కోళ్లు గంప చేరినట్టు.
అయిదంగలు రెండున్నరైంది.
మధ్యాహ్నం చూస్తే మళ్లీ మూడున్నర.
వేపచెట్టు కింద తేడానే లేదు.
పుస్తకంలో రాసుకున్నా:
మేలే. ప్రమాణం చేసేంత కాదు.

"టెంకాయ పట్టి పాయింటు పెట్టినాయప్పకు
ఇది లేకపాయనే" అంది మారెక్క.

రెండంగలు ఇటు జరిగినా
కింద అదే బండ అని చెప్పబోయి
ఊరుకున్నా.

ఆమె గోనెపట్ట విప్పి
ఒక గులకరాయి లోపలికి వదిలింది.
మిషను చేతిలో పట్టుకోని
నేనూ చెవి పెట్టినా.