మార్పులేమన్నా ఉన్నయా

ఫోన్ల పిల్ల మంచిగనే అడిగింది.
"ఓదెలు గారూ, కంపెనీ ఇచ్చిన బండికి
మార్పులేమైనా చేయించారా? ఇన్సూరెన్స్ రెన్యువల్‌కి రాయాలి."
మూసాపేట సిగ్నల్ కాడ ఉన్న.
ఎనక లారీ మొత్తుకుంటుంది.
లేవమ్మా, అన్న.
పచ్చలైటు పడ్డది.
గేరు ఎయ్యనీకె మర్చిపోయిన.

రాత్రి నిద్ర రాలే. లెక్క వెట్టుకున్న.
సీఎన్జీ డబ్బా ఆర్సీల ఎక్కింది, దానికి భయం లేదు.
హారన్ ఖదీర్ భాయ్ ఏసిండు,
ఒక్కసారి కొడితే ఫతేనగర్ బ్రిడ్జి మీద
బర్లు సుత పక్కకు జరుగుతయి.
ఎనక అద్దానికి మా చిన్నది అంటించిన సీతాకోకచిలుక,
సగం రెక్క ఊడింది.
అది మార్పా?
ఇగ ముందల, ఎడమ దిక్కు సీటు.

ఆ సీటు తిరుగుతది.
కింద మీట నొక్కితే చాలు,
తలుపు దిక్కు మళ్ళి రోడ్డుకు ఎదురుంగ ఆగుతది.

ప్రభుదాస్ సారు జేసిండు దాన్ని.
బాలానగర్ల ముప్పై ఒక్క ఏండ్లు
లేత్ ముందర నిలబడ్డ మనిషి.
చక్కెర బీమారి ఒక కాలు తీస్కపోయింది,
కిడ్నీలు దాని ఎంబడే వొయినయి.
మంగళారం, శుక్రారం, పొద్దుగాల ఐదున్నరకు
డయాలిసిస్‌కు నా బండే.
మొదట్ల సంకల కింద చేతులు వెట్టి
నేనే ఎత్తి కూసోవెడ్తుంటి.
ఒకనాడు అన్నడు,
"ఓదెలూ, బియ్యం బస్తా లెక్క ఎత్తుతున్నవు.
బస్తాకు సిగ్గుండది. నాకున్నది."

వారానికి బొమ్మ గీసి తెచ్చిండు,
ఆస్పత్రి చిట్టీ ఎనక:
రెండు రింగులు, నడుమ గుండ్లు.
పాత శిష్యుని షెడ్డుల
చక్రాల కుర్చీల కూసోని తనే లేత్ నడిపిండు.
ఒడిల ఇనుప పొట్టు రాలుతుంటే
చిన్న పోరని లెక్క నవ్విండు.
"పది మైక్రాన్ల తేడా సుత లేదు, సూస్కో."
మైక్రాను అంటే ఎంత సారూ, అంటే
నా నెత్తిల ఎంటిక ఒకటి పీకిండు:
"దీన్ని అడ్డంగ డెబ్బై పాయలు జెయ్యి. అండ్ల ఒక్క పాయ."

పోయిన వానలల్ల ఒక శుక్రారం ఫోన్ రాలే.
అయినా పోయిన, గేటు కాడ ఆపిన.
కోడలు బయటికొచ్చింది. ఏం చెప్పలే.
ఆ ట్రిప్పు పైసలు చేతిల వెట్టింది.
తీసుకున్న.
ఎందుకు తీసుకున్ననో ఇప్పటికీ తెల్వది.

తెల్లారి నేనే ఫోన్ జేసిన.
అమ్మా, నిన్న అబద్ధం చెప్పిన.

సర్వేయర్ వచ్చిండు. పడుసు పిలగాడు,
ఇన్‌షర్టు, మెడల కార్డు.
నాలుగు దిక్కులా ఫోటోలు దీసి మీట నొక్కిండు.
సీటు చప్పుడు లేకుంట తిరిగి
ఆయన ముందర ఆగింది.
పిలగాడు ఒక అడుగు ఎనక్కి జరిగిండు,
ఎవరో దిగుతున్నట్టు.

"దీనివల్ల ప్రీమియం పెరుగుతుంది అంకుల్.
ఒరిజినల్ సీటుంటే బిగించేయండి."
ఉన్నది. ఖదీర్ భాయ్ అటక మీద
పట్టా కప్పి ఉన్నది. గంట పని.
పదకొండు వందల నలభై రూపాయలంటే
నాకు రెండు దినాల గ్యాసు.
పెరగనియ్యి, అన్న.

"ఎందుకోసం మార్చారని రాయాలి?"
సిగ్గు కోసం అని రాయి బాబూ.
నా మొకం దిక్కు సూసిండు.
ఏదో రాసుకున్నడు. తర్వాత కాగితం సూస్తే
'రోగి సౌకర్యార్థం' అని ఉన్నది.
సరే. అది సుత అబద్ధం గాదు.

శుక్రారం శుక్రారం
ఆ రింగులల్ల రెండు సుక్కల నూనె ఏస్త.
ఆ ముచ్చట ఏ గడిల వట్టది.

హారన్ సంగతి పిలగాడు అడగలే.
నేను చెప్పలే.