పళ్లు మార్చేవాడు

కిసుములో వైద్య శిక్షణ కాలేజీ,
మూడో అంతస్తు, చివరి గది.
అక్కడ నా ఉద్యోగం ఒక నోరు.
పొద్దున్నే తెరుస్తాను, సాయంత్రం కడుగుతాను,
విరిగిన పళ్లు రిజిస్టరులో రాసి
కొత్తవి బిగిస్తాను.
పిల్లలు ఆయన్ని మ్జీ అంటారు, పెద్దాయన అని.
నడుము కింద ఏమీ లేని పెద్దాయన,
పన్నెండు బ్యాచుల చేతులు గొంతులో దిగినా
ఒక్కసారీ దగ్గని పెద్దాయన.

మొదటి రోజు అందరూ ఒకలాగే పట్టుకుంటారు బ్లేడుని,
బిగుసుకుపోయిన సీసా మూత ఊడదీస్తున్నట్టు.
టక్.
పై పన్ను మీద బరువు పడితే వచ్చే చప్పుడది.
రాత్రి మా ఇంట్లో గిన్నె జారినా
నాకు పన్నే గుర్తొస్తుంది.
సిస్టర్ నెకేసా తిట్టదు.
"తలుపు పగలగొట్టడానికి వచ్చావా?
ముందుకెత్తు. వెనక్కి వంచకు."

బ్లేడు కొసన మినపగింజంత కెమెరా,
పక్కన అరచేయంత తెర.
కొండనాలుక దాటి ఇంకా లోపలికి పోతే
ఆకులాంటి మూత ఒకటి లేస్తుంది,
దాని వెనక స్వరతంత్రులు, తెల్లగా,
ఓరగా వేసిన రెండు రెక్కల్లా.
కిప్రోనో మొదటిసారి చూసి గావుకేక పెట్టాడు,
"కనపడింది! కనపడింది!"
కనపడింది నాయనా.
కనపడ్డ చోటికల్లా చేరిపోగలిగితే
సరస్సు అవతలి దీపాలు చూసిన ప్రతివాడూ
పడవ దిగినట్టే.
తెర మీంచి కళ్లు తిప్పకుండా
వాడు ట్యూబు గుడ్డిగా తోశాడు.
ముందు బుగ్గలోకి, తర్వాత నాలుక పక్కకి,
చివరికి అన్నం పోయే దారిలోకి.
సంచి నొక్కితే పొట్ట ఉబ్బింది.
ఛాతీ మాత్రం నా జీతం పెంపు ఫైలులా
ఉన్నచోటే ఉంది.

సిస్టర్ పాఠం ఇంతే:
నోరు చూసి బ్లేడు, తెర చూసి దారి,
మళ్లీ నోరు చూసి ట్యూబు, మళ్లీ తెర చూసి గురి.
ఇంకో పాఠం ఉంది, అది చెప్పదు.
పిల్లలు మొదలుపెట్టగానే తన ఊపిరి బిగబడుతుంది.
గడియారం అక్కర్లేదు,
ఆవిడ మొహం చూస్తే చాలు.
కిప్రోనో వంతు వచ్చిన రోజుల్లో
ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగేవి.

అవినో వాళ్లమ్మ డుంగా రేవులో చేపలమ్ముతుంది.
మొప్పల దగ్గర ఎంత పట్టు చాలో ఎరిగిన చేయి,
అందరికంటే ముందు నేర్చుకుంటుందనుకున్నాను.
పదిహేడుసార్లు తప్పింది.
"చచ్చిన చేప నొప్పనదు ఒజ్వాంగ్,
ఆ అలవాటే నన్ను చెడగొట్టింది," అంది.
పద్దెనిమిదోసారి బ్లేడుని వేళ్ల కొసలతో పట్టింది,
నిద్రపోతున్న పిల్లాడి గుప్పిట్లోంచి
నాణెం తీసుకుంటున్నట్టు.
సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.
బ్యాటరీ ఉన్న ఆ చిన్న తెర తప్ప
గదిలో ఏదీ లేదు.
చీకట్లో ఒక గొంతు వెలుగుతోంది,
అందులోకి ట్యూబు నెమ్మదిగా దిగుతోంది.
టక్ వినపడలేదు.
సిస్టర్ ఊపిరి వదలడం వినపడింది.

ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు.
ఆరున్నర దాటాక తలుపేసి నేనూ ప్రయత్నిస్తాను.
ముప్పై ఒకటోసారి దిగింది నాకు.
బతికున్న గొంతు ఏదీ నా చేతికివ్వరు.
ఇవ్వకూడదు కూడా.

నిన్న అవినో వచ్చింది, సియాయా ఆసుపత్రి నుంచి,
యూనిఫామైనా మార్చుకోకుండా.
"మ్జీలా లేదు. అంతా తడి, ఎరుపు.
కదులుతుంది.
ట్యూబు దిగాక లోపల ఆవిరి పట్టింది ఒజ్వాంగ్,
పోయింది,
మళ్లీ పట్టింది."
అంతే చెప్పింది. టీ చల్లారిపోయింది.

ఆమె వెళ్లాక మ్జీ నోరు కడిగాను.
ట్యూబు పైకి తీసే ముందు
ఎందుకో దాని చివర పెదాలు పెట్టి ఊదాను.
పట్టింది ఆవిరి.
నాదే.
గుడ్డతో తుడిచేసి
రిజిస్టరు తెరిచాను:
ఈరోజు పళ్లు, రెండు.